నలభై చుట్లు, కొసరు నాలుగు

పోయిన నెల ఆర్మూరు వెళ్లినప్పుడు నా చేతికి ఒక రాగి తీగ చుట్ట వచ్చింది. రెండు అరచేతులు కలిపితే సరిపోయేంత ఉంటుంది. వార్నిష్ ముదిరి నల్లబెల్లం రంగుకు తిరిగింది. ఒక పక్క ఉలితో కోసి ఉంది. మామిడిపల్లి చౌరస్తా దగ్గర లింగన్న కాక నడిపే మోటారు వైండింగు షాపులో, తలుపు వెనక మేకుకు, అది పాతికేళ్లకు పైగా వేలాడింది. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారని షాపును వెనక గల్లీలోకి మారుస్తున్నారు. పాత సామానంతా బయటపడింది. నేను పలకరించడానికి పోయేసరికి కాక బయట కుర్చీలో, నల్లద్దాలు పెట్టుకొని, రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. చూపు సగానికి పైగా పోయింది. నా గొంతు వినగానే లోపలున్న మనవరాలిని పిలిచి ఆ మేకుకున్నది తెచ్చి ఇమ్మన్నాడు. "గిది నీదే గదా బిడ్డా, తీస్కపో," అన్నాడు. ముఫ్తుగా వచ్చిందాన్నయినా ఉన్నదున్నట్టు తీసుకోవడం మా ఇంట్లో లేదు. చుట్ట ఒక్కటేనా, దీన్ని చుట్టిన కర్ర ఫర్మా కూడా ఇస్తే జోడు కుదురుతుంది కదా అన్నాను. యాభై దగ్గరికొచ్చినా దీని బేరం గుణం పోలేదని కాక మనవరాలితో చెప్పి నవ్వాడు. ఫర్మా మాత్రం ఇవ్వలేదు.

మాది కిరాణా దుకాణం. పసుపు మార్కెట్టుకు పోయే దారిలో, ఒక పక్క సున్నం, రంగులు అమ్మే దుకాణానికీ ఇంకో పక్క గోనెసంచుల దుకాణానికీ మధ్య ఇరుక్కొని ఉండేది. ఇల్లు దాని వెనకే. పొద్దున లేస్తే నానమ్మ దుకాణం ముందు ఊడ్చి, పేడనీళ్లతో సాంపి చల్లి, అది ఆరేదాకా ఎవరినీ మెట్టు ఎక్కనిచ్చేది కాదు. మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, ఊదుబత్తి వెలిగించి తక్కెడకు దండం పెట్టుకునేవాడు. బోణీ కానిదే ఇంట్లో ఎవరికీ చాయ్ లేదు, కనుక మొదటి గిరాకీ కోసం బాపు కంటే మేమే ఎక్కువ ఎదురుచూసేవాళ్లం. చలి వెనక్కి పోయే రోజుల్లో పసుపు పంట మీద పడేది. ఊళ్లలో ఉడకబెట్టిన పసుపు పచ్చి మట్టి వాసన, ఎండినాక కొంచెం ఘాటు, మార్కెట్టు బండ్ల మీద నుంచి రాలే పచ్చటి దుమ్ము. ఆ దుమ్ము ఉప్పు బస్తా మీద, గంజి పెట్టిన చీరల మీద, నా పుస్తకాల మీద ఒకేలా కూర్చునేది. కాలేజీలో నా రికార్డు పుస్తకం ఎక్కడో మరిచిపోతే, పేరు చూడకుండా వాసన చూసి తెచ్చిచ్చేవాళ్లు.

మా ఇంటి ధర్మశాస్త్రం రెండు వాక్యాలది. కొనేటప్పుడు మొదటి ధరకు ఒప్పుకోవద్దు. అమ్మేటప్పుడు కొసరు వేయకుండా చెయ్యి వెనక్కి తీసుకోవద్దు. తక్కెడ ముల్లు నిలబడ్డాక బాపు ఎడమ చెయ్యి తనంతట తానే డబ్బాలోకి పోయి పప్పో చక్కెరో ఒక చిటికెడు తీసి పొట్లంలో వేసేది. లెక్కపెట్టి ఇచ్చేవాటికి పదికి ఒకటి. పది నిమ్మకాయలకు పదకొండు, ఇరవైకి ఇరవై రెండు. మేం పిల్లలం గల్లా దగ్గర కూర్చున్న రోజు కొసరు మరిచిపోతే, లోపల బియ్యం ఏరుతున్న నానమ్మకు ఎట్లా తెలిసేదో తెలిసేది. పదో నిమ్మకాయ పడ్డ చప్పుడు తర్వాత ఇంకో చప్పుడు రాకపోతే ఆమె దగ్గేది. ఆ దగ్గు విని విని, లెక్క అయిపోయాక చెయ్యి ఊరుకోకపోవడం నాకు ఒంటికి పట్టిన అలవాటయింది. ఎంతగా అంటే, ఇంటర్మీడియట్‌లో నాలుగు ప్రశ్నలు రాయమంటే ఐదు రాసేదాన్ని.

ఇంజనీరింగులో సీటు వచ్చింది, ఎలక్ట్రికల్‌లో. మా గల్లీలో 'కరెంటు చదువు' అన్నారు. కాలేజీ డిచ్‌పల్లి దగ్గర, హైవే పక్కన, కొత్తగా కట్టిన మూడంతస్తుల భవనం. రోజూ బస్సు. పొద్దున నిలబడి పోవడం, సాయంత్రం కూర్చొని నిద్రపోవడం. మా మెషిన్స్ ల్యాబులో మోటార్లు ఇనుప జాలీ లోపల ఉండేవి. జూలో పులిని చూసినట్టు వాటిని బయట నుంచి చూసేవాళ్లం. అటెండరు స్విచ్చి వేస్తాడు, మీటరు ముల్లు కదులుతుంది, మేం సీనియర్ల రికార్డులోంచి అంకెలు దింపుకుంటాం. నాకు మార్కులు బాగానే వచ్చేవి. గైడు పుస్తకంలో ఉన్నదంతా కొని ఇంటికి తెచ్చుకున్న సరుకులా లెక్కగా సర్దుకునేదాన్ని.

ఆ సరుకు ఎంత పుచ్చిందో రెండో సంవత్సరంలో తెలిసింది. మా గల్లీకంతటికీ నీళ్లెక్కించే బోరు మోటారు ఒకరోజు ఆగిపోయింది. ఆడవాళ్లు బిందెలు పట్టుకొని మా దుకాణం ముందు నిలబడి, ఇంట్లోనే ఇంజనీరమ్మ ఉండగా వేరేవాళ్లెందుకన్నారు. నేను స్క్రూడ్రైవరు పట్టుకొని గంభీరంగా వెళ్లి స్టార్టరు డబ్బా మూత తీశాను. లోపల ఉన్నవేవీ నా పుస్తకంలో బొమ్మలా లేవు. బొమ్మలో తీగలు సరళరేఖలు. ఇక్కడ పేగుల్లా ఉన్నాయి. కొంచెంసేపు చూసి, మూత మళ్లీ బిగించి, 'ఇది పెద్ద సమస్య' అన్నాను. ఎవరో లింగన్న కాకను పిలుచుకొచ్చారు. ఆయన మూత తీసి, లోపల గూడు పెట్టుకున్న చీమలను ఊదేసి, బటన్ నొక్కాడు. నీళ్లు వచ్చాయి. నానమ్మ ఆ రాత్రి అన్నం పెడుతూ, చీమల గురించి మీ కాలేజీలో ఏ సంవత్సరంలో చెప్తారని అడిగింది.

మర్నాడే కాక షాపుకు పోయాను. నేర్పమన్నాను. ఆయన ముప్కాల్ మనిషి, గల్ఫులో పదేళ్లు వైండింగు పని చేసి వచ్చి చౌరస్తాలో షాపు పెట్టుకున్నాడు. పని రావాలంటే రెండేళ్లు పడుతుందని, మొదటి ఆర్నెల్లు ఊడ్చుడే ఉంటుందని చెప్పాడు. రెండు నెలల్లో నేర్పమన్నాను. ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు. బదులుగా మోటార్ల మీద ఇంగ్లీషులో ఉండే పలకలు చదివిపెడతానన్నాను. ఆయన పక్కనున్న మోటారు మీది పలకను నాకంటే వేగంగా, అరబ్బు యాసలో చదివి వినిపించాడు. షాపు లెక్కలు రాస్తానన్నాను, తనకు గుర్తుంటాయన్నాడు. చాయ్‌లోకి మంచి చాపత్తా తెస్తానన్నాను, దానికి మాత్రం కొంచెం ఆగాడు. చివరికి ఆయనే బేరం పెట్టాడు. "ఎట్ల జెయ్యాల్నో నాకు అన్నీ ఎరుకే బిడ్డా. ఎందుకైతదో తెల్వది. రెండు తీగెలు అటిటు మారిస్తే మోటరు ఉల్టా తిరుగుతది, నేను దినాం జేస్త. ఎందుకు తిరుగుతదో ఎవ్వడు జెప్పలే. నువ్వు దినానికి ఒక్క 'ఎందుకు' చెప్పు. నేను ఒక్క 'ఎట్లా' చెప్త."

ఇంత చవక బేరం నాకు అంతకుముందు తగల్లేదు. వెంటనే ఒప్పుకుంటే మా వంశానికి మచ్చ గనక, ఆదివారాలు రెండు 'ఎట్లా'లు చెప్పాలని కలిపి ఒప్పించాను.

చవక అనుకున్నది మొదటి రోజే ఖరీదైంది. మోటారు ఎందుకు ఉల్టా తిరుగుతుందో గైడులో ఉన్న పేరా ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పాను. ఆయన చాయ్ తాగుతూ విన్నాడు. ఇది నీకు సమజైందా అన్నాడు. అయిందన్నాను. అయితే మీ నానమ్మకు చెప్పినట్టు చెప్పు అన్నాడు. నేను నోరు తెరిచి, మూసి, రేపు చెబుతానన్నాను. ఆ రాత్రి మొదటిసారి ఒక పాఠాన్ని పరీక్ష కోసం కాక, ఒక మనిషి ముందు నవ్వులపాలు కాకూడదని చదివాను. అలా మొదలైంది బండి. సాయంత్రం నాలుగున్నరకు బస్సు దిగి నేరుగా షాపుకు పోయి దీపాలు పెట్టే వేళదాకా పని. కాలిన మోటారు విప్పడం, మాడిన తీగను ఉలితో కోసి బయటికి లాగడం, లాగిన చుట్ట పోగులు ఒక్కొక్కటీ లెక్కపెట్టి మోటారు ఒంటి మీదే చాక్‌పీసుతో ఆ అంకె రాయడం, మోటారు లోపలి గాడి గాడికీ కాగితం పరచడం, కొత్త రాగి తీగను ఫర్మా మీద చుట్టడం, ఆ చుట్టలను గాళ్లలో దించి పైన వెదురు బద్ద కొట్టి బిగించడం, వార్నిష్ పోసి బల్బుల వేడికి ఆరబెట్టడం. నా గోళ్ల సందుల్లో వార్నిష్ నల్లగా ఉండిపోయేది. మా అమ్మ నా బట్టలు వేరే బకెట్లో నానబెడుతూ, పసుపు వాసనకు అలవాటుపడి ఇంకో వాసన తెచ్చుకున్నావని సణిగేది. సాయంత్రం బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేదంటే కారణం అదే.

చదువు కొంత దెబ్బతింది, అబద్ధమెందుకు. గణితంలో ఒక పేపరు పోయింది. హాజరు తక్కువైతే మా హెచ్ఓడీ సారుతో బేరమాడి, ఆయన ఇంట్లో మిక్సీ బాగుచేసి, మూడు శాతం సంపాదించాను. కానీ ల్యాబులో జాలీ లోపలున్న ఆ పులులు నెమ్మదిగా నాకు పిల్లులయ్యాయి. అన్నిటికంటే నాకు నచ్చింది ఫర్మా మీద తీగ చుట్టడం. చిన్న చేతి యంత్రం. పిడి తిప్పితే కర్ర ఫర్మా తిరుగుతూ తీగను చుట్టుకుంటుంది. ఒక్కో చుట్టుకూ 'టక్' అని చిన్న చప్పుడు. అంకెలు చూపించే మీటరు దానికి ఎప్పుడో చెడిపోయింది. కాక అటు తిరిగి చాయ్ తాగుతూ, వచ్చినవాళ్లతో బోరు లోతుల గురించి మాట్లాడుతూ కూడా ఆ టక్కులు చెవితో లెక్కపెట్టేవాడు. అంకె రాగానే మాట మధ్యలో ఆపి "ఆపు బిడ్డా" అనేవాడు. ఆయన అలా అనేదాకా తిప్పడమే నా పని. లెక్క నాది కాదు. ఆ సుఖమే నన్ను చెడగొట్టింది.

మూడో సంవత్సరం, పసుపు సీజను మధ్యలో, కమ్మర్‌పల్లి నుంచి గంగవ్వ తన పాలిష్ డ్రమ్ము మోటారు కాలిపోయిందని ఆటోలో వేసుకొని వచ్చింది. గంగవ్వ మా దుకాణానికి పాత గిరాకీ. మనిషి సన్నం, గొంతు పెద్దది. కొసరు వేయకముందే దోసిలి పట్టేది. ఎండిన పసుపు కొమ్ములను ఆ ఇనుప డ్రమ్ములో పోసి తిప్పితే పైపొట్టు రాలి కొమ్ము మెరుస్తుంది. ఆమె పంటంతా కళ్లంలో కుప్పగా ఉంది. మర్నాడు సాయంత్రం ట్రాక్టరు వస్తుంది. ఆలోపు పాలిష్ చేసి సంచులకెత్తాలి. పైన మబ్బు పట్టి ఉంది. కొమ్ము తడిస్తే నల్లబడుతుంది, నల్లబడ్డ కొమ్మును మా మార్కెట్లో ఎవరూ చేత్తో కూడా ముట్టరు. తొమ్మిది నెలల పంట అది. కాక మోటారు విప్పి, చుట్ట కోసి లెక్కపెట్టి, ఒంటి మీద నలభై అని రాశాడు. అంతలో ముప్కాల్ నుంచి కబురు. వాళ్లమ్మ జారిపడిందట, దవాఖానకు తీసుకుపోవాలట. ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ నా వైపు చూశాడు. ఇన్నాళ్లూ చూశావు కదా, నలభై వేసి ఇచ్చేయ్ అన్నాడు. చదువుకోమని కాలేజీ ఇచ్చిన సెలవులో ఉన్నాను, మర్నాడు పొద్దున మెషిన్స్ ల్యాబు పరీక్ష. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. అంత గౌరవాన్ని పరీక్ష పేరు చెప్పి వెనక్కి ఇచ్చేంత తెలివితక్కువదాన్ని కాననుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఫర్మా ముందు కూర్చుని మొదటి చుట్ట మొదలుపెట్టాను. గంగవ్వ ఎదురుగా మెట్టు మీద కూర్చొని, ఆకాశం వంకా నా వంకా చూస్తూ, మా బాపు వేసే కొసరు గురించి, ఆయన చెయ్యి చల్లని చెయ్యి అని పొగుడుతూ ఉంది. నలభై అయింది. ఆపమనే గొంతు వెనక నుంచి రాలేదు. నా చెయ్యి పిడి మీదే ఉంది. ఎదురుగా మా పాత గిరాకీ. పదికి ఒకటి చొప్పున నలభైకి నాలుగు. నేను ఆలోచించి వేశానని చెప్పలేను. ఆలోచించనే లేదు. టక్, టక్, టక్, టక్. అన్ని చుట్టలకూ అలాగే వేశాను. గాళ్లలో దించేటప్పుడు బిగుతుగా అనిపిస్తే, రాగి ఎక్కువుంటే బలమెక్కువ కదా అనుకొని వెదురు బద్దను ఇంకాస్త గట్టిగా కొట్టాను. మోటారు బిగించి షాపులో తిప్పితే వీణలా మోగింది. కాక గల్ఫు నుంచి తెచ్చుకున్న మీటరు పెట్టి చూస్తే మామూలు కంటే తక్కువ కరెంటు తీసుకుంటోంది. నేను ఉస్తాదును మించిపోయానని అప్పుడే నిర్ణయించుకున్నాను. గంగవ్వ మోటారును ఆటోలో ఎక్కించుకొని, సల్లగుండు బిడ్డా అని వెళ్లిపోయింది.

మర్నాడు పరీక్షలో నాకు వచ్చింది మోటారు మీద లోడు పెంచుతూ అంకెలు తీసే ప్రయోగం. అది నల్లేరు మీద నడక. తర్వాత నోటి ప్రశ్నలు. ఎక్కడి నుంచో వచ్చిన ఎగ్జామినరు, ముక్కు చివర కళ్లద్దాలు, ముందున్న వాళ్లందరినీ ఏడిపించి నా దగ్గరికొచ్చాడు. మొదటి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాను. మూడోది అడిగాడు.

"వోల్టేజి అదే ఉంచి, వైండింగులో చుట్లు పెంచామనుకో. ఏమవుతుంది?"

"ఫ్లక్స్ తగ్గుతుంది సార్. అందువల్ల టార్క్..."

నిన్నటి నాలుగు టక్కులు అప్పుడు వినబడ్డాయి.

"టార్క్?"

"తగ్గుతుంది సార్. వర్గం లెక్కన తగ్గుతుంది."

"కరెక్టే కదమ్మా. చనిపోయినవాళ్ల కబురు చెప్పినట్టు చెబుతావేం?"

ఆయనకేం తెలుసు. ఫ్లక్స్ అంటే చుట్లలో పుట్టే అయస్కాంత బలం; దాని వల్ల మోటారు తిరిగే బలం, బరువును లాగే సత్తువ, దాన్నే టార్క్ అంటారు. నేను ఆ సూత్రాన్ని పదిసార్లు రాశాను. నానమ్మకు చెప్పినట్టు కాకకు ఒకసారి చెప్పాను కూడా. అయినా ఆ సూత్రమూ నా చెయ్యీ ఒకే ఒంట్లో ఉంటూ ఒకదానికొకటి పరిచయం లేకుండా ఉన్నాయి. షాపులో ఖాళీగా తిరిగింది కాబట్టి వీణ. డ్రమ్ము నిండా కొమ్ములు పోస్తే అది లేవదు. పైగా పసుపు సీజనులో ఊరంతా మోటార్లు నడుస్తుంటే అక్కడ వోల్టేజి అసలే పడిపోయి ఉంటుంది. ఆగిన మోటారు మీద కరెంటు వదిలి కూర్చుంటే తీగ మాడిపోతుంది. అలాంటి మోటార్లు నడిచే మూడు ఫేజుల కరెంటు ఆ ఊళ్లో సాయంత్రం నాలుగింటి దాకే. గోడ గడియారం పదకొండున్నర చూపిస్తోంది.

నేను ఎగ్జామినరుతో బేరానికి దిగాను. మిగిలిన ప్రశ్నలకు మార్కులేవీ వద్దు సార్, నన్ను ఇప్పుడే వదిలేయండి అన్నాను. నాకు నష్టమయ్యే ధరను నా అంతట నేను ముందుగా చెప్పింది జీవితంలో ఆ ఒక్కసారే. ఆయనకు ఇలాంటి బేరం ఎప్పుడూ తగలనట్టుంది. కళ్లద్దాలు తీసి తుడుచుకొని, పో అన్నాడు. ఆ ప్రాక్టికల్స్‌లో నాకొచ్చిన మార్కులు ఇప్పటికీ నా మెమోలో అన్నిటికంటే కింద ఉన్నాయి. పాస్ చేశాడు, అంతే.

డిచ్‌పల్లి నుంచి ఆర్మూరు, అక్కడ బస్సు మారి కమ్మర్‌పల్లి. కళ్లానికి చేరేసరికి ఒంటిగంట దాటింది. మబ్బు గుట్టల మీద నల్లగా కూర్చొని ఉంది. డ్రమ్ము కదలడం లేదు. స్విచ్చి వేసినప్పుడల్లా మోటారు తుమ్మెదలా గుంయ్‌మని ఊరుకుంటోంది. ఫ్యూజు రెండుసార్లు ఎగిరిపోయిందట. గంగవ్వ కుప్ప పక్కన కాళ్లు చాపి కూర్చొని ఉంది. ఆ పెద్ద గొంతు ఎక్కడా లేదు. నన్ను చూసి, "నీ చేతి పని గదా బిడ్డా అని, ఎవ్వల్ని బిలువలే," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

తప్పు నాదే, ఎక్కువ చుట్టానని చెప్పాను. విప్పి మళ్లీ చుట్టే టైము లేదు. మోటారు బలం తగ్గితే దాని నెత్తిన బరువు తగ్గించాలి, ఆ ఒక్క దారే ఉంది. డ్రమ్ములో సగమే పోయమన్నాను. మోటారు ఆగినచోటి నుంచి లేవలేకపోతోంది కాబట్టి, ముందు మనం డ్రమ్మును చేత్తో నూకి, కదిలాక స్విచ్చి వేద్దామన్నాను. గంగవ్వ, ఆమె కోడలు, పక్కింటి వాళ్లిద్దరు, నేను, భుజాలు ఆనించి నూకాం. డ్రమ్ము కదిలింది. స్విచ్చి వేశాం. మోటారు మూలిగింది, తడబడింది, అందుకుంది. అందరికంటే ముందు గంగవ్వ గొంతు లేచింది. అటు సంచులు విప్పుడు, ఇటు కొమ్ములు పోయుడు అని అందరినీ ఆడించడం మొదలుపెట్టింది. సగం సగం కనుక పని రెండింతలు. ప్రతి సగానికీ మళ్లీ నూకుడు. మోటారు ఒంటి మీద చెయ్యి పెట్టి వేడి చూడటం, తడిగుడ్డ కప్పడం, మళ్లీ నూకడం. నాలుగింటికి కరెంటు పోయింది. ఇంకా రెండు డ్రమ్ముల సరుకు మిగిలింది. దాన్ని చేత్తోనే తిప్పాం. పరీక్షకని వేసుకున్న నా తెల్ల డ్రస్సు పసుపుతో పెళ్లికూతురి బట్టల్లా తయారైంది. చివరి సంచి మూతి కుట్టి ట్రాక్టరు మీద టార్పాలిను కట్టాక చినుకులు పడ్డాయి. గంగవ్వ ఆ చినుకుల్లో నిలబడి, వాళ్ల కోడలితో, ఏ షాపోడన్న గిట్ల ఇంటికొచ్చి దినమంత డ్రమ్ము నూకుతడా అని నన్ను పొగడటం మొదలుపెట్టింది. ఆ పొగడ్త వింటుంటే నా ముఖం వార్నిష్ పూసినట్టు బిగుసుకుపోయింది.

ఇంట్లో చెప్పాను. బాపు అంతా విని, కొంచెంసేపు తక్కెడ పళ్లెం తుడిచాడు. తర్వాత, పదికి ఒకటే వేశావా అని అడిగాడు. అవునన్నాను. నయమే, మీ నానమ్మ అయితే రెండు వేసేది అన్నాడు. నానమ్మ లోపల నుంచి దగ్గింది.

కాకకు చెప్పడమే కష్టమైంది. మూడో రోజు ఆయన ముప్కాల్ నుంచి వచ్చాడు. వాళ్లమ్మకు చెయ్యి విరిగింది, ఫికర్ లేదన్నాడు. గంగవ్వ మోటారును వెనక్కి తెప్పించి ఆయన ముందు పెట్టి, కళ్లంలో చేత్తో డ్రమ్ము నూకామని మాత్రం చెప్పాను. ఆయన మోటారు విప్పాడు. ఒక చుట్ట కోసి లాగి, పోగులు లెక్కపెట్టాడు. నలభై దగ్గర ఆగి, మిగిలిన నాలుగింటిని విడిగా పట్టుకొని చూశాడు.

"గీ నాలుగు ఎవలయి?"

"కొసరు కాకా."

ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. గీ దినం 'ఎందుకు' ఇంకా చెప్పలేదు, చెప్పు అన్నాడు. నేను చెప్పాను. లైన్లో వచ్చే వోల్టేజి ఇంతే అని ఉంటుంది. చుట్లన్నీ దాన్ని పంచుకోవాలి. నలభై మందికి పెట్టాల్సిన అన్నం నలభై నాలుగు మందికి పెడితే ఒక్కొక్కరి ముద్ద చిన్నదవుతుంది. ముద్ద చిన్నదైతే సత్తువ తగ్గుతుంది. ఖాళీగా నడవమంటే నడుస్తారు, బరువు ఎత్తమంటే కూలబడతారు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాలేదు. కాక చాలాసేపు ఆ చుట్టను అటూ ఇటూ తిప్పాడు. "ఇన్ని దినాలు చెప్పినయి నీ పుస్తకంలయి. గిది నీది," అన్నాడు. తర్వాత మేకు ఒకటి తీసుకొని తలుపు వెనక కొట్టి, ఆ చుట్టను దానికి తగిలించాడు. "కొసరు తీగెల ఎయ్యరు బిడ్డా. గా దినం పోయి డ్రమ్ము నూకినవ్ సూడు, గది కొసరు." అంతటితో ఆ మాట ముగిసింది. ఆదివారమంతా కూర్చొని ఆ మోటారును నేనే మళ్లీ చుట్టాను, నలభై లెక్కన. గాళ్లలో చుట్టలు నెమ్మదిగా, చోటు మిగిలి కూర్చున్నాయి. వెదురు బద్ద కొట్టాల్సిన పనే పడలేదు, వేలితో తోస్తే పోయింది.

ఇప్పుడు నేను హైదరాబాదులో మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు చేసే ఒక ఫ్యాక్టరీలో డ్రాయింగులు పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాను. తెర మీద గీత తప్పితే ఎర్రటి గుర్తు పెట్టడమే నా చేతి పని. నా కింద చేరే కొత్త పిల్లలు నాకంటే చాలా తెలివైనవాళ్లు. మోటారును కంప్యూటరులోనే తిప్పి, ఎంత బరువుకు ఆగిపోతుందో ముందే చెప్పేస్తారు. వాళ్లలో ఎవరికీ గంగవ్వ మోటారు లాంటి పొరపాటు జరగదు. అది మంచిదే. ఊళ్లోనూ గంగవ్వ లేదు, వాళ్ల కోడలు పాలిష్ కూలికి ఇస్తోంది. బాపు దుకాణంలో మా తమ్ముడు అన్నీ ప్యాకెట్లలో అమ్ముతున్నాడు. ప్యాకెట్టుకు కొసరు ఎట్లా వేయాలో వాడికీ తెలియదు, నాకూ తోచలేదు. నేనైతే ఆన్‌లైనులో చీర కొన్నా కింద డబ్బాలో 'ఇంకేమైనా తగ్గుతుందా' అని రాస్తాను. ఇంతవరకు ఎవరూ జవాబివ్వలేదు.

కాక ఫర్మా ఎందుకివ్వలేదంటే, అది ఇంకా పనిలో ఉంది. మనవరాలు శ్రావణి ఇంజనీరింగు మూడో సంవత్సరం. సాయంత్రాలు, ఆదివారాలు షాపు ఆమెదే. కొత్త యంత్రం కొన్నారు, అంకె నొక్కితే అన్ని చుట్లకు అదే ఆగుతుంది. అయినా పాతదాన్ని పారేయలేదు, కరెంటు లేనప్పుడు ఇదే దిక్కు అంది ఆ అమ్మాయి. ఆమె గోళ్ల సందుల్లో నల్లటి వార్నిష్ చూసి నాకు ఈర్ష్య పుట్టింది. ఒక్క చుట్ట నేను చుడతాను, బదులుగా నీ చదువులో ఏ డౌటు ఉన్నా చెబుతానన్నాను. శ్రావణి కొంచెం ఆలోచించి, ఒక డౌటు కాదు అత్తా, రెండు అంది. ఎవరి షాపులో పెరిగిందో తెలుస్తూనే ఉంది. ఒప్పుకున్నాను. ఎన్ని చుట్లు అని అడిగితే, మళ్లీ పాలిష్ డ్రమ్ము మోటారే, నలభై అంది.

స్టూలు మీద కూర్చొని పిడి పట్టుకున్నాను. పట్టు మరిచిపోతాననుకున్నాను కానీ చెయ్యి మరిచిపోలేదు. టక్, టక్ అంటూ తీగ కర్ర మీద పక్కపక్కనే పడుతుంటే, శ్రావణి తన మొదటి డౌటు అడగడం మొదలుపెట్టింది. నేను చెబుతూ తిప్పుతున్నాను, తిప్పుతూ చెబుతున్నాను, లెక్క ఎక్కడో జారిపోయింది. వీధిలో లారీలు పోతున్నాయి. కాక అటు తిరిగి కూర్చొని, నల్లద్దాల వెనక నిద్రపోతున్నాడనుకున్నాను.

"ఆపు బిడ్డా," అన్నాడు. "నలభై అయినయ్."